నీటి లెక్కలు వేసేటప్పుడే అడగండి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత నెల ఈ శీర్షికలో ప్రాంతీయ నీటి ప్రణాళికల గురించి రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం అడిగింది ఒకటే: ఆ ప్రణాళికల్లో మామూలు మనిషి మాటకు చోటుందా అని. ఉద్యోగంలో మొదట నేను నదీ ప్రవాహాల లెక్కలు చూశాను, తర్వాత ప్రజాభిప్రాయ సేకరణ సభలు నడిపాను. బల్లకు అటువైపు జరిగేదేమిటో తెలుసు కాబట్టి ఈసారి స్థలమంతా ఈ ఉత్తరాలకే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మా ప్రాంతానికి రాబోయే పాతికేళ్ల నీటి ప్రణాళిక ముసాయిదా విడుదల చేశారు. దాని మీద సభ కూడా పెడుతున్నారు. ముసాయిదా నాలుగు వందల పేజీలుంది. నేను లెక్చరర్‌గా పనిచేస్తున్నాను, అయినా సగం అర్థం కాలేదు. నాలాంటివాళ్లు సభకు వెళ్లి ఏం మాట్లాడాలి?

జవాబు: నాలుగు వందల పేజీలూ చదవక్కర్లేదు. ముందు చివర్లో ఉన్న అనుబంధాలు తెరవండి. అక్కడ రెండు పట్టికలుంటాయి. ఒకటి దొరికే నీరు, రెండోది కావలసిన నీరు. రెండింటికీ మధ్య తేడాను లోటు అంటారు. రిజర్వాయర్ కట్టాలా, పక్క నది నుంచి మళ్లించాలా, సముద్రపు నీటిని శుద్ధి చేయాలా అన్న చర్చంతా ఆ లోటు పూడ్చడం కోసమే. కానీ సభలో గోడకు మ్యాపు తగిలించి, రిజర్వాయర్ ఎక్కడొస్తుందో చూపించి, మీ అభిప్రాయం చెప్పండి అంటారు. అప్పటికే లోటు అంకె ఖరారై ఉంటుంది. జనం రిజర్వాయర్ గురించి గంటల తరబడి మాట్లాడతారు, ఆ అంకె ఎలా వచ్చిందని అడిగేవాళ్లు అరుదు. మీరు అడగాల్సింది దాన్నే.

దొరికే నీటితో మొదలుపెట్టండి. నదిలో ఏటా ఒకే తీరుగా నీరు రాదు కాబట్టి ప్రణాళిక వేసేవాళ్లు ఒక విశ్వసనీయత శాతం పెట్టుకుంటారు. మన దేశంలో సాగునీటి ప్రాజెక్టులకు మామూలుగా 75 శాతం తీసుకుంటారు. అంటే నాలుగేళ్లలో మూడేళ్లు కనీసం అంత నీరు వస్తుందని లెక్క. నాలుగో ఏడు అంత రాదని ఒప్పుకున్నట్టే. ఈ శాతాన్ని తగ్గిస్తే కాగితం మీద నీరు పెరుగుతుంది, నదిలో పెరగదు. కృష్ణా జలాల విషయంలో ఇది మనందరికీ తెలిసిన సంగతే. బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం లెక్కన 2,060 టీఎంసీలు పంచింది. 2010లో బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 65 శాతం లెక్క తీసుకునేసరికి పంచడానికి ఇంకొంత నీరు తేలింది. అలా తేలిన నీరు ఏటా నమ్మకంగా వచ్చే నీరు కాదు.

శాతం ఎంత ఉండాలన్నది ఇంజనీర్లు మాత్రమే తేల్చే విషయం కాదు. నీరు తక్కువ వచ్చిన ఏడు నష్టం ఎవరు మోయాలన్న నిర్ణయం అందులో దాగి ఉంటుంది. కాబట్టి సభలో ఇవి అడగండి. ఏ శాతం తీసుకున్నారు? ఎన్నేళ్ల ప్రవాహ రికార్డు మీద? ఆ రికార్డులో అన్నిటికన్నా గడ్డు కరువు ఏది? అలాంటి ఏడు మళ్లీ వస్తే ముందు ఎవరి నీరు ఆపుతారు, తర్వాత ఎవరిది? ఆ క్రమం ముసాయిదాలో ఏ పేజీలో ఉంది? నేను చూసిన చాలా ముసాయిదాల్లో ఈ చివరి ప్రశ్నకు జవాబు ఉండదు. ఆ సంగతి సభలో అందరి ముందూ తేలడమే పెద్ద మేలు.

ఇక కావలసిన నీరు. ఇది జనాభా అంచనాను తలసరి వాడకంతో గుణించగా వచ్చే అంకె. చిన్న మార్పు చాలు, పెద్ద తేడా వస్తుంది. పది లక్షల జనాభాకు తలా రోజుకు 135 లీటర్లు వేశారనుకుందాం. దాన్ని 115కు తగ్గిస్తే రోజుకు రెండు కోట్ల లీటర్లు మిగులుతాయి. ఏడాదికి 73 లక్షల ఘనపు మీటర్లు, అంటే దాదాపు పావు టీఎంసీ. జనం స్నానాలు మానుకోవాలని నేను అనడం లేదు. ఆ 135లో పైపుల్లో కారిపోయేది ఎంత, దాన్ని తగ్గించే పని ప్రణాళికలో ఏ ఏడాదికి పెట్టారు అని అడగమంటున్నాను. లీకేజీ తగ్గించడం కూడా నీరు సంపాదించడమే, కానీ దానికి శంకుస్థాపన ఫొటో ఉండదు. అందుకే అది ప్రణాళికలో ఎప్పుడూ చివరి అధ్యాయంలో కనిపిస్తుంది.

ఇలా అడిగితే ఫలితం ఉంటుందా అంటే, ఉంది. ఇంగ్లండ్‌లో నీటి కంపెనీలు కనీసం పాతికేళ్లకు ప్రణాళిక వేసి, అయిదేళ్లకోసారి సవరించాలి. లండన్‌కు నీరిచ్చే థేమ్స్ వాటర్ సంస్థ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని అబింగ్డన్ దగ్గర 10 కోట్ల ఘనపు మీటర్ల రిజర్వాయర్‌ను తన ప్రణాళికలో పెట్టింది. స్థానికులు మా ఊళ్లో వద్దు అని ఊరుకోలేదు. అంత నీరు అవసరమన్న లెక్కనే పట్టుకున్నారు. 2010లో బహిరంగ విచారణ జరిగింది. 2011లో ప్రభుత్వం ఆ రిజర్వాయర్‌ను ఒప్పుకోలేదు. కథ అక్కడితో అయిపోలేదు. తర్వాతి ప్రణాళికల్లో అది 15 కోట్ల ఘనపు మీటర్లకు పెరిగి మళ్లీ వచ్చింది. జనాభా అంచనాలు మారాయి, వాతావరణ మార్పు లెక్కలు చేరాయి. ఎవరు గెలిచారన్నది నాకు ముఖ్యం కాదు. ప్రతి విడతా అంకెల గురించే వాదన జరగడం నాకు నచ్చుతుంది. అవసరం నిజమైతే అది ప్రశ్నలకు నిలబడుతుంది.

ప్రశ్న: నమస్తే అమ్మా. నేను కాలువ చివరి భూముల రైతును. పోయినసారి సభకు వెళ్లాను, మాట్లాడాను, మినిట్స్‌లో రాసుకున్నారు కూడా. తుది ప్రణాళిక వచ్చాక చూస్తే ఒక్క అక్షరం మారలేదు. ఇంకోసారి ఎందుకు వెళ్లాలి?

జవాబు: మీ కోపం న్యాయమైనదే. ఇలాంటి సభలు నేను దగ్గరుండి చూశాను. సంతకాల పుస్తకం, ఫొటోలు, మినిట్స్ అన్నీ పక్కాగా ఉంటాయి. ఫైల్లో 'ప్రజలను సంప్రదించడమైనది' అన్న వాక్యం చేరుతుంది. ఎవరేమన్నారో, దానివల్ల ఏం మారిందో ఎక్కడా ఉండదు. షెర్రీ ఆర్న్‌స్టైన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1969లోనే పౌరుల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించింది. సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం మధ్య మెట్లలోనే ఉన్నాయి. నిర్ణయంలో వాటా దొరికేది ఆ పై మెట్లలో. మిమ్మల్ని మధ్య మెట్టు మీద నిలబెట్టి పైకి చేర్చామని చెప్పారు.

సభ పెట్టడం తప్పనిసరి చేసినంత మాత్రాన చాలదు, జవాబివ్వడం కూడా తప్పనిసరి చేయాలి. యూరోపియన్ యూనియన్ 2000లో తెచ్చిన నీటి చట్రం ఆదేశంలో నాకు బాగా నచ్చే సంగతి ఇదే. దాని 14వ అధికరణం ప్రకారం నదీ పరీవాహక ప్రణాళిక కాలం మొదలవడానికి కనీసం మూడేళ్ల ముందు పని షెడ్యూలు ప్రకటించాలి. రెండేళ్ల ముందు ఆ నదికున్న ముఖ్య సమస్యలేమిటో ప్రకటించాలి. ఏడాది ముందు ముసాయిదా పెట్టాలి. ప్రతి దశలోనూ రాతపూర్వక అభిప్రాయాలకు కనీసం ఆరు నెలల గడువివ్వాలి. రెండో దశ చూడండి. పరిష్కారాల మాట ఎత్తకముందే అసలు సమస్య ఏమిటన్నది జనం ముందు పెడుతున్నారు. మీలాంటివారు చివరి భూములకు నీరు అందడం లేదన్న మాటను అక్కడే రాయించగలరు. ముసాయిదా అచ్చయ్యాక రాయించడం చాలా కష్టం.

అదే ఆదేశం తుది ప్రణాళికలో ఏమేం ఉండాలో కూడా చెబుతుంది. సంప్రదింపుల ఫలితాలేమిటి, వాటివల్ల ప్రణాళికలో ఏ మార్పులు చేశారు అన్న సారాంశం అందులో తప్పక ఉండాలి. ఇంగ్లండ్‌లోనూ కంపెనీలు వచ్చిన అభిప్రాయాల మీద జవాబు పత్రం ప్రచురించాలి. మాటను ఒప్పుకోవాలని ఎవరూ అనరు. ఒప్పుకోకపోతే ఎందుకో రాయాలి.

మీరు మళ్లీ వెళ్లండి, కానీ ఈసారి ఒక్కరే వెళ్లకండి. చివరి తూముల రైతులంతా కలిసి ఒకే పేజీ రాసి, రసీదు తీసుకోండి. మీ తూము దగ్గర ఏ నెలలో ఎన్ని రోజులు నీరు వచ్చిందో తేదీలతో రాయండి. కాలువ మొదట్లో ఎంత వదిలారో వాళ్ల దగ్గర ఉంటుంది, చివరికి ఎంత చేరిందో చాలాసార్లు వాళ్ల దగ్గర ఉండదు. ఆ సమాచారం మీ దగ్గరే ఉంది. సభలో వేరే ఏమీ మాట్లాడకపోయినా ఇది ఒక్కటి అడగండి: మా పేజీకి జవాబు ఏ తేదీలోపు, ఎవరి సంతకంతో వస్తుంది?

ప్రశ్న: నేను నీటి సరఫరా విభాగంలో ఇంజనీర్‌ని. కాస్త కటువుగా ఉంటే క్షమించండి. నీటి ప్రణాళిక సైన్సు. జనాన్ని అడిగితే భయాలు, పుకార్లే బయటికొస్తాయి. ఓటింగ్‌తో హైడ్రాలజీ, అంటే నీటి శాస్త్రం, నడుస్తుందా?

జవాబు: కటువేమీ లేదు. నా సహోద్యోగులు చాలామంది ఇలాగే అనుకునేవారు. మీకు బలమైన ఉదాహరణ నేనే ఇస్తాను. ఆస్ట్రేలియాలోని టూవూంబాలో తీవ్ర కరువు నడుస్తున్నప్పుడు, మురుగునీటిని బాగా శుద్ధి చేసి తాగునీటి రిజర్వాయర్‌లో కలపాలని నగర పాలక సంస్థ ప్రతిపాదించింది. 2006 జులైలో ప్రజల ఓటుకు పెడితే దాదాపు 62 శాతం మంది వద్దన్నారు. సాంకేతికంగా ఆ ప్రతిపాదనలో దోషం లేదు. మరి ఎందుకు ఓడిపోయింది? నగరం ముందు నిర్ణయం తీసుకుని, తర్వాత ఒప్పించే పని మొదలుపెట్టింది. ఈలోగా వ్యతిరేక ప్రచారం ఇంటింటికీ చేరింది. అవును, కాదు తప్ప మూడో మాటకు చోటులేని ఓటుతో వ్యవహారం ముగిసింది. సింగపూర్‌లో అలాంటి నీటికే న్యూవాటర్ అని పేరు పెట్టి, 2003లో సందర్శకుల కేంద్రం తెరిచి, బడిపిల్లల నుంచి అందరికీ శుద్ధి ఎలా జరుగుతుందో చూపించారు. ఎక్కువ నీరు పరిశ్రమలకిచ్చి, కొద్ది భాగాన్నే రిజర్వాయర్లలో కలిపారు. రెండు చోట్లా ప్రభుత్వాల తీరు వేరు, అది ఒప్పుకుంటాను. అయినా జనానికి సైన్సు అర్థం కాదన్న మాట సింగపూర్‌లో నిలబడలేదు.

ఆస్ట్రేలియాలోనే ఇంకొకటి. మర్రే–డార్లింగ్ నదీ పరీవాహకానికి 2010 అక్టోబరులో మార్గదర్శి పత్రం విడుదల చేశారు. నదికి ప్రాణం పోయాలంటే వాడకం నుంచి ఏటా 3,000 నుంచి 4,000 గిగాలీటర్లు (ఒక గిగాలీటరు అంటే వంద కోట్ల లీటర్లు) వెనక్కి ఇవ్వాలని అందులో ఉంది. నది పరిస్థితి గురించి సైన్సు చెప్పింది నిజమే. కానీ ఆ నీటి మీద బతికే ఊళ్లు ఏమవుతాయన్నది వాళ్లతో కూర్చుని మాట్లాడలేదు. గ్రిఫిత్ పట్టణంలో జనం ఆ పత్రాల కట్టలను తగలబెట్టారు. చివరికి 2012లో 2,750 గిగాలీటర్లతో ప్రణాళిక వచ్చింది. రైతులకు అదీ ఎక్కువే అనిపించింది, పర్యావరణం వైపు వాళ్లకు తక్కువ అనిపించింది. ముందుగా మాట్లాడితే గొడవ తప్పేదని నేను చెప్పలేను. కానీ అప్పుడు ఆ గొడవ నీటి అంకెల మీద జరిగేది, నమ్మకం మీద కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. జనం దగ్గర హైడ్రాలజీ లేదనుకోవడం తప్పు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాల లెక్క వేసుకునే కార్యక్రమం నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి సాయం చేసింది. రైతులు వర్షమాపకాలు చూసి రాసుకున్నారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు అందరూ కూర్చుని భూమిలో ఎంత నీరుంది, అనుకున్న పంటలకు ఎంత కావాలి అని బడ్జెట్ వేశారు. పంటలు మార్చమని ఎవరూ ఆర్డర్ వేయలేదు, బోర్ల మీద నిషేధం పెట్టలేదు. నీరు చాలదని గోడమీద రాసిన అంకెల్లో కనిపించాక చాలా చోట్ల వరి తగ్గించి ఆరుతడి పంటల వైపు వెళ్లారు. అధికారి వచ్చి చెప్పిన అంకెను నమ్మడం వేరు, తాడు బావిలోకి దించి తాను కొలిచిన అంకెను నమ్మడం వేరు. మీ ప్రణాళిక అమలు కావాలని మీకుంటే, ఇంజనీర్ గారూ, కొలిచే పనిలోనే జనాన్ని కలుపుకోండి. ఓటింగ్ సంగతి తర్వాత చూద్దాం.

ప్రశ్న: మా దగ్గర నీటి సభల్లో మాట్లాడేది ఎప్పుడూ ఆ పదిమందే. నీళ్లు పట్టేది, మోసేది ఆడవాళ్లం. మమ్మల్ని వెనక వరుసలో కూర్చోబెట్టి టీలు ఇస్తారు. దీన్ని ప్రజల భాగస్వామ్యం అనాలా?

జవాబు: అనకూడదు. 1992లో డబ్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ నీటి సదస్సు ప్రకటించిన సూత్రాల్లో ఒకటి ప్రణాళికలో వాడుకదారులంతా ఉండాలంటుంది. ఇంకొకటి నీటి నిర్వహణలో స్త్రీలది కేంద్ర పాత్ర అంటుంది. కాగితం మీద ఆ మాట వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. ఆచరణలో అడ్డుపడేది సభ్యత్వ నిబంధన. ఆంధ్రప్రదేశ్ 1997లో సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం తెచ్చి, పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు పెట్టింది. దేశంలో అప్పటికి అది చాలా పెద్ద అడుగు, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఓటు భూమి ఉన్నవారి చేతిలో ఉంది. పట్టా భర్త పేరున ఉంటే పొలంలో రోజంతా నిలబడే భార్యకు ఓటు లేదు. కూలీకి లేదు, చేపలు పట్టేవాళ్లకు లేదు, కాలువ నీళ్లు తాగే పశువుల కాపరికీ లేదు.

బ్రెజిల్ 1997 జల చట్టంలో పరీవాహక కమిటీల్లో ప్రభుత్వ ప్రతినిధులు సగానికి మించకూడదని రాసుకున్నారు. నీరు వాడేవాళ్లకు, పౌర సంస్థలకు వేరే వాటాలున్నాయి. అమెరికాలోని టెక్సాస్ అదే ఏడాది తెచ్చిన చట్టం కింద రాష్ట్రాన్ని 16 ప్రణాళికా ప్రాంతాలుగా విడదీసినప్పుడు, ప్రతి బృందంలో రైతులు, పట్టణాలు, పరిశ్రమలు, చిన్న వ్యాపారాలు, పర్యావరణం, సాధారణ ప్రజలు ఇలా ఎవరి తరఫున ఎవరు కూర్చోవాలో చట్టంలోనే పెట్టారు. కుర్చీలు నిబంధనలో రాసి ఉంటేనే మీకు దొరుకుతాయి, ఎవరి మంచితనం మీదా ఆధారపడనక్కర్లేదు. కాబట్టి సభలో మాట్లాడే అవకాశం కోసం పోట్లాడే ముందు, కమిటీ నిర్మాణం మీదే రాతపూర్వక అభ్యంతరం పెట్టండి. సభ వేళ మార్చమని కూడా అడగండి. నీళ్లు వదిలే వేళ సభ పెడితే మీరు ఎలా వెళ్తారు? నేను సభలు నడిపినప్పుడు ఆడవాళ్లతో ముందు విడిగా కూర్చునేదాన్ని. పెద్ద సభలో ఒక్కమాటా రానిచోట, అక్కడ అరగంటలో ఏ వీధి కుళాయి ఎన్ని రోజులకోసారి వస్తుందో మొత్తం పటం తయారయ్యేది.

ప్రశ్న: మా ప్రాంతంలో రిజర్వాయర్ కట్టి, నీళ్లు మాత్రం పక్క ప్రాంతంలోని మహానగరానికి తీసుకెళ్తారట. మా ప్రణాళికలో అది లేదు, వాళ్ల ప్రణాళికలో ఉంది. మా మాట ఎక్కడ చెల్లుతుంది?

జవాబు: ప్రాంతాల వారీ ప్రణాళికల్లో ఇది అన్నిటికన్నా చిక్కుముడి. ఇందాక చెప్పిన టెక్సాస్‌లోనే జరిగింది. డల్లాస్ ప్రాంతం సల్ఫర్ నది మీద మార్విన్ నికోల్స్ రిజర్వాయర్ కావాలంది. అది కట్టాల్సిన ఈశాన్య ప్రాంతం తన ప్రణాళికలో వద్దని రాసింది. ఇద్దరూ తమ ప్రజలను అడిగే రాశారు. గొడవ రాష్ట్ర నీటి బోర్డుకు, కోర్టుకు వెళ్లింది, ఏళ్ల తరబడి నలిగింది. ప్రజాభిప్రాయం ప్రాంతం హద్దు దగ్గర ఆగిపోతే ఇలాగే అవుతుంది. మీరు మీ సభలోనే కాదు, ఆ నగరం ప్రణాళిక మీద కూడా అభిప్రాయం దాఖలు చేయండి. ఆ నగరం తన లీకేజీ ఎంత తగ్గించిందో, మురుగునీరు ఎంత తిరిగి వాడుతోందో అడగండి. ఆ నగరంలోనే ఇలా అడిగేవాళ్లు ఉంటారు, వాళ్లను వెతికి పట్టుకోండి.

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థిని. రాతపూర్వక అభిప్రాయం ఎలా రాయాలి? టెన్షన్‌గా ఉంది, తప్పు రాస్తే నవ్వుతారేమో.

జవాబు: నవ్వరమ్మా. ఆ ఉత్తరాలు చదివిన మనిషిగా చెబుతున్నాను. వందల కొద్దీ ఒకే నమూనాలో వచ్చిన ఉత్తరాలను ఒకటిగా లెక్కేసి పక్కన పెడతారు. మీరు మీ మాటల్లో రెండు పేజీలు దాటకుండా రాయండి. ముసాయిదాలో పేజీ, పట్టిక సంఖ్య వేసి, అక్కడున్న అంకె రాసి, మీకున్న సందేహం రాయండి. మీకు తెలిసిన సంగతి ఉంటే జోడించండి, ఉదాహరణకు పట్టికలో పారుతోందని రాసిన వాగు మూడేళ్లుగా ఎండిందని, తేదీ ఉన్న ఫొటోతో. చివర్లో ఏం మార్చాలో ఒక్క వాక్యంలో చెప్పండి. ముసాయిదా మీకు అర్థమయ్యే భాషలో లేకపోతే అది కూడా అభ్యంతరంగానే రాయండి, తెలుగులో సారాంశం ఇచ్చేదాకా గడువు పొడిగించమని అడగండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. తుది ప్రణాళిక వచ్చిన రోజు ముందు అదే పట్టిక తెరిచి చూడండి.